కూలి నడుగని పనివారు

గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. అవి వేకువను విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. ఆ కొద్ది గడియలలో తేనెటీగ పుప్పొడిని చేర్చనిచో పిందె రాలిపోవును.

ఒకనాటి ఉదయమున నేను మా గుమ్మడిపాదుకు పురుగుమందు చల్లితిని. సాయంకాలమునకు పాదు క్రింద తేనెటీగలు చచ్చి పడియుండెను. తరువాత పిందెలును రాలెను. నేను దుఃఖించితిని, అయితే ఈగల కొరకా, కాయల కొరకా?

మనకు మేలు చేయుదానినే కాచుట వర్తకము. మేలు లెక్కింపక కాచుట దయ. దయ యనగా ఊరక జాలిపడుట కాదు. తప్పనిసరియైననే మందు చల్లుదము. అదియు పువ్వులు ముడిచి, ఈగలు పట్టు చేరిన సంధ్యవేళనే. నేలలో గూడు కట్టు ఒంటరి ఈగలకై తోటలో ఒక మూల త్రవ్వక విడుతము.

తేనెటీగల కొరకై ఐరోపా సమాఖ్య 2018లో మూడు పురుగుమందులను ఆరుబయట వాడరాదని నిషేధించెను. చట్టము చేతిని ఆపును. మనస్సును మరల్చుకొనవలసినది మనమే.