మనవడికి, ఆ మాత్రల షీటు గురించి

నాన్నా, నిన్న నీ హాస్టల్ బ్యాగు ఉతుకుదామని తీస్తే పక్క జేబులో యాంటీబయాటిక్ మాత్రల షీటు దొరికింది. పదింటిలో మూడే వాడావు. ఏమిట్రా ఇది అంటే, "మోషన్స్ అయితే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నా అమ్మమ్మా, రెండో రోజుకే తగ్గిపోయింది" అన్నావు. అప్పుడేమీ అనలేదు గానీ, రాత్రంతా అదే ఆలోచన. ముప్పై ఏళ్లు కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పాను, నీకు మాత్రం ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు.

బయటి తిండితో సాల్మొనెల్లా అనే క్రిములు కడుపులోకి వెళ్లాయనుకో. పొట్టలోని ఆమ్లానికి చాలామటుకు చస్తాయి. మిగిలినవి పేగులోకి దిగితే అక్కడ చోటేదీ? లక్షల కోట్ల మన బాక్టీరియా తిండీ నీడా ముందే పంచుకుని ఉంటాయి. మనకు అరగని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు అదే అన్నం. దాన్ని అరిగించుకోవడానికి ఆ కణాలు ఆక్సిజన్ ఖర్చుపెట్టేస్తాయి కాబట్టి పేగులోపలికి అది పెద్దగా చేరదు. ఆక్సిజన్ అందకపోతే సాల్మొనెల్లాకు పెరగడం కష్టం. పెట్టిన అన్నానికి కణాలు అలా రుణం తీర్చుకుంటాయి.

అన్నీ దాటుకుని ఒక క్రిమి కణాన్ని తాకిందా, సూదిలాంటి గొట్టంతో తన ప్రోటీన్లను అందులోకి గుచ్చుతుంది. అప్పటిదాకా కుదురుగా ఉన్న కణం అంచు నిమిషాల్లో కుచ్చిళ్లలా పైకి లేచి, ఆ క్రిమిని చుట్టి తానే లోపలికి తీసుకుంటుంది. క్లాసులో ఆ బొమ్మ దగ్గర ఎప్పుడూ కాసేపు ఆగేదాన్ని. మోసపోయిన ఆ కణం చేసే పని చూడు: పొరుగు కణాలకు కబురు పెడుతుంది, తెల్ల రక్తకణాలను రప్పిస్తుంది, చివరికి గోడ నుంచి ఊడి క్రిమితో సహా కొట్టుకుపోతుంది. నీకు ఒళ్లు కాలిందీ, కడుపు మెలిపెట్టిందీ ఆ పోరాటం వల్లే.

ఆ మాత్ర పేగులోని మన బాక్టీరియాను కూడా చంపుతుంది నాన్నా. 1954లో షికాగో విశ్వవిద్యాలయంలో మార్జొరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ బృందం ఎలుకలకు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూసింది. మామూలు ఎలుకకు జబ్బు అంటాలంటే దాదాపు లక్ష సాల్మొనెల్లా క్రిములు కావాలి. మందు పడ్డ ఎలుకకు పది కూడా అక్కర్లేకపోయింది. నీకు తగ్గింది కూడా మాత్ర వల్లేనని అనుకోకు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మామూలు సాల్మొనెల్లా విరేచనాలు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి.

మందును నేను తిట్టడం లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇద్దరు తోబుట్టువులను పేగు జబ్బుకే పోగొట్టుకున్నారు. ఆయన నడిపిన పరిశోధనాలయం నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. రక్తం పడినా, జ్వరం దిగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. టైఫాయిడ్ అని తేలితే డాక్టరు రాసినన్ని రోజులూ మానకుండా మింగాలి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు నీ పుస్తకాల కింద పెట్టాను. లీటరు ప్యాకెట్లు అవి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపి, రోజంతా కొద్దికొద్దిగా తాగు. మెస్‌లో పెరుగు వేస్తే వద్దనకు. మొదటి మోషన్‌కే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.