కొండవీటి కోట: స్థావర జంగమ విచారము

బసవేశ్వరుల బోధలో స్థావర జంగమ భేదము ప్రధానమైనది. ఒకచోట కట్టి నిలిపినది స్థావరము; కదలుచు లోకమునకు మేలు చేయునది జంగమము. స్థావరము కాలమునకు లోబడును, జంగమము లోబడదు. ప్రత్తి, మిరప పొలముల నడుమ నిలచిన కొండవీడు ఇందుకు ప్రత్యక్ష సాక్షి.

పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యమును స్థాపించెను. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా ఉండెను. అంతటి వైభవమును సుమారు నూరేండ్లకే ముగిసెను. పిమ్మట గజపతులు వచ్చిరి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కోటను గెలిచెను. ఆపై గోల్కొండ సుల్తానులు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు వచ్చిరి. ప్రతివారును కోట తమదనిరి. అది ఎవరికిని మిగులలేదు.

మరి మిగిలినదేమి? ఆ ప్రోలయ వేమారెడ్డియే శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. అక్క మహాదేవి శివైక్యమొందిన క్షేత్రమునకు బీదసాదలు సుఖముగా ఎక్కుటకై చేసిన సేవ అది. ఆ మెట్లను ఏ శత్రువును ముట్టడింపలేదు. రాజు తన రక్షణకై కట్టిన గోడలు కూలినవి. పరుల పాదములకై పరచిన రాళ్ళు ఆయన పేరును నేటికిని నిలుపుచున్నవి. కొండమీది చెరువులును అట్టివే. వాననీటిని పట్టి దప్పిగొన్నవారికిచ్చుట వాటి కాయకము, అదే వాటి దాసోహము.

అట్లని శిథిలములను ఉపేక్షింపరాదు. నేడు ఘాట్ రోడ్డు మీద వాహనములు పైదాకా పోవుచున్నవి. 2019లో అచట ఉత్సవములును జరిగినవి. ఒకనాడు కావలి దాటి పోలేని కొండమీదికి నేడు మిరపకాయలు కోయు కూలి తల్లి తన బిడ్డలతో పోవచ్చును. రాజుల స్థావరము ప్రజల త్రోవ అయినది. ఇది శరణులు మెచ్చు మార్పు.

కాని యాత్రికులలో కొందరు బురుజుల రాళ్ళపై తమ పేర్లు చెక్కుచున్నారు. చెరువు గట్లపై ఎంగిలి ఆకులు, ప్లాస్టిక్ సంచులు విడిచిపోవుచున్నారు. రాతిపై పేరు నిలుపగోరుట రాజులు పడిన భ్రమయే. నీటిని పాడుచేయుట వెనుక వచ్చువాని దప్పికను మరచుట. గళమున ఇష్టలింగము ధరించినవారికి ఈ రెండును తగవు.

కావున పిల్లలతో కొండవీడు దర్శించు గృహస్థులు వారికి రాజుల కథతోపాటు శ్రీశైల సోపానముల కథయును చెప్పవలెను. తెచ్చిన అన్నములో కొంత తోడి యాత్రికునికి పెట్టి, గట్టుపై కనిపించిన చెత్తను ఏరి దిగవలెను. శరణు శరణార్థులు.