హీనకళకు చోటెక్కడ?

మంచి కళను భద్రపరచాలనడానికి వాదన అక్కరలేదు. చిక్కు వచ్చేది చెడ్డ కళ దగ్గర. కేవలం డబ్బు కోసం, అదీ మనుషుల కామాన్నీ క్రూరత్వాన్నీ ఎరగా పెట్టి గడించే డబ్బు కోసం తీసిన సినిమా ఒకటి వున్నదనుకుందాం. అందులో పనితనం కూడా అంతంతమాత్రమే. కాలం గడిచి దాని రీళ్ళు బూజుపట్టి పోతున్నాయి. వాటిని కాపాడటానికి ప్రజల డబ్బూ, మనుషుల శ్రమా వెచ్చించవలసిన విధి సమాజానికి వున్నదా? వున్నదనే నా అభిప్రాయం. అయితే నేను ఈ అభిప్రాయానికి వచ్చిన దారి వేరు, ఇవాళ అటువంటి చిత్రాలను నెత్తిన పెట్టుకుని వూరేగిస్తున్న రసికుల దారి వేరు.

ప్రశ్న గాలిలో తేలిపోకుండా వుండాలంటే ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడాలి. ఆండీ మిల్లిగన్ అనే అమెరికన్ దర్శకుణ్ణి తీసుకుంటాను. ఇతను 1929లో సెయింట్ పాల్ నగరంలో పుట్టాడు. కొంతకాలం నౌకాదళంలో పనిచేశాడు. న్యూయార్కులో దుస్తుల దుకాణం నడిపాడు. 1960 దశకం మొదట్లో గ్రీనిచ్ విలేజ్‌లో కఫే చీనో అనే చిన్న కాఫీహోటలులో జ్యాఁ జెనే, లార్డ్ డన్‌సానీల నాటకాలు ఆడించాడు. ఆ తరవాత సినిమాలోకి వచ్చి, న్యూయార్కు 42వ వీధిలోని చవకరకం హాళ్ళకు పాతికకు పైగా చిత్రాలు తీసిపెట్టాడు. నగ్నత్వం, వేశ్యావాటికలు, నరికివేతలు, తోడేలు మనుషులు, ఇదీ సరుకు. ఈ రకం చిత్రాలను ఆ దేశంలో ఎక్స్‌ప్లాయిటేషన్ చిత్రాలంటారు. మన పరిభాషలో ఆ మాటకు దోపిడీ అని అర్థం. సినిమా వ్యాపారుల పరిభాషలో మాత్రం, జనం కుతూహలాన్ని రేపే విషయమొకటి పట్టుకుని దాన్ని గోడపత్రిక మీద అమ్ముకోవడమని అర్థం. మిల్లిగన్ జీవితంలో ఈ రెండర్థాలూ ఒకటైపోయాయి.

అతని పనితీరు తెలిస్తేగాని అతని చిత్రాలు ఎందుకట్లా వుంటాయో తెలియదు. వార్తాచిత్రాలవాళ్ళు వాడే ఆరికాన్ అనే 16 మిల్లీమీటర్ల కెమేరాతో అతను తీసేవాడు. అందులో ధ్వని కూడా అదే ఫిలిం మీద పడుతుంది. ఖర్చు తక్కువ. కాని ఫిలిం మీద మాట పడిన చోటూ, దానికి సంబంధించిన బొమ్మ పడిన చోటూ ఒకటి కావు. నడుమ కొంత ఎడం వుంటుంది. కాబట్టి ఒక షాటు కత్తిరిస్తే మాట తెగిపోతుంది, మాట దక్కించుకుంటే బొమ్మ అనవసరంగా సాగుతుంది. మిల్లిగన్ చిత్రాల్లో వాక్యాలు నడుమ విరిగిపోవడాన్ని చూసి నవ్వేవాళ్ళు ఈ సంగతి గమనించరు. కథ తనే వ్రాసుకునేవాడు, కెమేరా తనే పట్టేవాడు, దుస్తులు తనే కుట్టేవాడు. ది గాస్ట్‌లీ వన్స్ (1968) అనే చిత్రాన్ని స్టాటెన్ ఐలాండ్‌లో ఒక పాతకాలపు ఇంట్లో తీశాడు. 19వ శతాబ్దపు ఆడవాళ్ళ గౌన్లన్నీ అతని కుట్టుమిషను మీద తయారైనవే. ఒక్కొక్క చిత్రానికి పెట్టుబడి కొద్ది వేల డాలర్లు. హాలీవుడ్డులో ఆ సొమ్ము ఒక పూట భోజనాలకు చాలదేమో!

ఇంత శ్రమా చేసినవాడికి ఆ శ్రమఫలం మీద హక్కు లేదు. నెగటివు నిర్మాతది, వసూళ్ళు నిర్మాతవి. అతని చిత్రాల్లో చాలావాటికి డబ్బు పెట్టి, పంపిణీ చేసింది విలియం మిష్కిన్ అనే వ్యాపారి. 1971లో విల్లర్డ్ అనే ఎలుకల చిత్రానికి డబ్బు బాగా వచ్చింది. అప్పుడు, అప్పటికే పూర్తయిన ఒక తోడేలు మనిషి చిత్రంలోకి ఎలుకల సన్నివేశాలు తీసి అతికించవలసి వచ్చింది. అది ది ర్యాట్స్ ఆర్ కమింగ్, ది వేర్‌వుల్వ్స్ ఆర్ హియర్ అనే పేరుతో 1972లో వచ్చింది. సీడ్స్ (1968) అనే చిత్రం ఇంకా ఘోరం. తాగుబోతు తల్లి ఇంటికి క్రిస్‌మస్ పండుగకు బిడ్డలు వచ్చి ఒక్కొక్కరే హతమయ్యే కథ అది. కథతో సంబంధంలేని రతిదృశ్యాలు వేరేవాళ్ళతో తీయించి, అందులో ఇరికించి, సీడ్స్ ఆఫ్ సిన్ అని పేరు తగిలించి అమ్మారు. భద్రపరచేవాడికి ఇక్కడొక చిక్కు వున్నది. ఏది భద్రపరచాలి? దర్శకుడు తలచినదా, జనం చూసినదా? రెండూ కావాలంటాను. దర్శకుడి ప్రతి ఒక మనిషి ఊహకు సాక్ష్యం. అతుకుల ప్రతి అతన్ని కొనుక్కున్న విపణికి సాక్ష్యం. సాహిత్యచరిత్ర వ్రాసేవాళ్ళకు రెండోది తక్కువ విలువైనది కాదు. తాళపత్రగ్రంథంలో ప్రక్షిప్తాలను వేరుచేయడం మనకు అలవాటైన పనే. కాని వేరుచేసిన ప్రక్షిప్తాలను తగలబెట్టిన పరిష్కర్తను పండితుడని ఎవరూ అనరు.

మిల్లిగన్ చిత్రాల్లో కొన్ని ఈనాటికీ దొరకలేదు. వాటిలో ఎక్కువ భాగం 1960 దశకంలో తీసిన నలుపు తెలుపు చిత్రాలే. నలుపు తెలుపు ఫిలింలో బొమ్మ అంటే వెండి రేణువులే. హాళ్ళలో ఆడటం అయిపోయిన తరవాత రీలుకు మిగిలే విలువ ఆ వెండి విలువే. మన భారతీయ సినిమాకు ఈ విద్య బాగా తెలుసు. మన దేశపు తొలి టాకీ ఆలం ఆరా (1931) ప్రతి ఒక్కటీ లేదు. తెలుగులో తొలి టాకీ, హెచ్.ఎం.రెడ్డిగారు తీసిన భక్తప్రహ్లాద కూడా లేదు. మంచివాటిని దాచుకుని చెడ్డవాటిని పోనిద్దామనే మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. భక్తప్రహ్లాద అశ్లీలమని ఎవరూ అనలేదు. అయినా పోయింది. వ్యాపారం తన గిడ్డంగి ఖాళీ చేసుకునేటప్పుడు మంచీ చెడ్డా చూడలేదు. హరికథనూ ఆటవెలది నాట్యాన్నీ ఒకే కొలిమిలో వేసింది. ఏరి దాచుకునే అవకాశం మనకు రావాలంటే ముందు అన్నీ మిగిలి వుండాలి. 1964లో పూనాలో జాతీయ ఫిలిం ఆర్కైవు ఏర్పడినప్పటి నుంచి పి.కె.నాయర్‌గారు నడిచినది ఈ మార్గంలోనే. కళాఖండాలతో పాటు విమర్శకులు చీదరించుకున్న చిత్రాలను కూడా ఆయన సేకరించి లోపల పెట్టాడు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ వున్నది. దాన్ని తేలికగా తీసేయడానికి వీల్లేదు. ఆడదాని శరీరాన్నీ, నరికివేతనూ సరుకు చేసి అమ్మిన దానికి ప్రజాసంస్థలో చోటివ్వడం ఆమోదముద్ర వేయడమే గదా అని ఆ ఆక్షేపణ. మనలో చాలామంది అభ్యుదయవాదులు ఇట్లాగే అనుకుంటారు. వారికి మన ఇంటి సంగతి ఒకటి గుర్తుచేస్తాను. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని పచ్చి శృంగారమని నిందించినవాడు ఛాందసుడు కాదు, వీరేశలింగంగారు. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని 1910లో ప్రకటిస్తే, 1911లో ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశంగారి పూనికతో 1947లోగాని ఆ నిషేధం తొలగలేదు. తెలుగులో ఒక స్త్రీ వ్రాసిన ప్రబంధం, స్త్రీల మేలుకోరిన సంస్కర్త నోటనే అసహ్యమనిపించుకున్నది. నేను ఆ కావ్యాన్ని తరగతిలో చెప్పేటప్పుడు విద్యార్థులు మొదట ఆశ్చర్యపోయేది కవిత్వానికి కాదు, ఈ చరిత్రకు.

ముద్దుపళని కవయిత్రి, మిల్లిగన్ ఆమెకు సాటి ఎట్లా అవుతాడు అని అడగవచ్చు. కాడు. కాని నిషేధించిననాడు ఆ తేడా ఎవరు చూశారు? చెత్త అని తీర్పు చెప్పినవాడికి కావ్యమూ చెత్తా ఒకే రంగులో కనిపించాయి. ఒక తరం నీతిబుద్ధి ఎంత నిజాయితీ కలదైనా సరే, గిడ్డంగి తాళం దాని చేతికి ఇవ్వకూడదనేదే నా వాదన. తీర్పు చెప్పవద్దనడం లేదు. తీర్పు చెప్పడానికి ముద్దాయి బతికి వుండాలంటున్నాను.

భద్రపరచడం వేరు, మెచ్చుకోవడం వేరు. మొదటిదానికి షరతులు వుండకూడదు. రెండోది ఒక్కొక్క చిత్రం తన బలంతో తాను సంపాదించుకోవలసిందే. ఈనాడు మిల్లిగన్ చుట్టూ చేరిన చిన్న భక్తబృందం ఈ తేడాను చెరిపేస్తున్నది. వాళ్ళలో ఒక తెగ ఇంత చెడ్డగా ఎట్లా తీశాడురా అని నవ్వుకోవడానికి చూస్తుంది. అది రసికత కాదు. పేదవాడి ఇంట్లో కారే పైకప్పును చూసి నవ్వడం వంటిది. రెండో తెగ ప్రతి తప్పులోనూ ఒక ప్రతిభను కనిపెడుతుంది. అందులో మన భాష మాట్లాడేవాళ్ళు కూడా వున్నారు. సీడ్స్‌లోని తల్లిని చూపించి, బూర్జువా కుటుంబ వ్యవస్థ మీద ఇదొక దండయాత్ర అంటారు. నాకట్లా తోచదు. కుటుంబం మీద విమర్శ చేసేవాడు ఆ తల్లి అట్లా ఎందుకైందో చూపాలి. మిల్లిగన్‌కు ఆ ఆసక్తి లేదు. అతనికి ఆమె మీద ద్వేషం వున్నది, అంతే. అతని చివరి రోజుల్లో తోడుగా వున్న జిమ్మీ మెక్‌డొనా 2001లో ప్రకటించిన జీవితచరిత్రలో ఆ ద్వేషం, ఆ హింసాస్వభావం దాచకుండా వ్రాశాడు. ద్వేషానికి సిద్ధాంతపు కండువా కప్పితే అది విమర్శ కాదు.

అట్లాగని మెచ్చుకోదగినది లేదా? వున్నది, అదీ కొద్దిపాటిది కాదు. వేపర్స్ (1965) అరగంట చిత్రం. హోప్ స్టాన్స్‌బరీ వ్రాసిన కథ. న్యూయార్కులో మగవాళ్ళు రహస్యంగా ఒకరినొకరు కలుసుకునే ఒక స్నానశాలలో, చిన్న గదిలో, ఇద్దరు అపరిచితులు కూర్చుంటారు. ఒకడు పెళ్ళయినవాడు, కొడుకును పోగొట్టుకున్నవాడు. శరీరాల కోసం వచ్చిన చోట మాటలు మాత్రమే నడుస్తాయి. అంతే కథ. స్వలింగ ప్రేమ ఆ నగరంలో నేరంగా వున్న రోజులవి. హాలీవుడ్డు తన నీతినియమావళిని 1968 దాకా విడిచిపెట్టలేదు. గౌరవనీయమైన తెరమీద ఆ ఇద్దరూ మనుషులుగా కూర్చునే చోటు లేదు. అది దొరికింది అశ్లీలమనిపించుకున్న అంచులోనే. ఈ మాటకు విపణి విముక్తిదాత అని అర్థం తీయవద్దు. మర్యాదస్తుల సినిమా తలుపు మూసింది గనుక సత్యం దొడ్డిదారిన పోవలసివచ్చింది.

1973లో వచ్చిన ఫ్లెష్‌పాట్ ఆన్ 42న్డ్ స్ట్రీట్ కూడా అటువంటిదే. డస్టీ అనే వేశ్య, ఆడవేషంలో తిరిగే చెర్రీ అనే స్నేహితుడు, ఈ ఇద్దరూ అద్దె డబ్బుకోసం పడే అవస్థ అందులో వున్నది. పడకగది దృశ్యాలు హాలువాడికోసం తీసినవని తెలిసిపోతూనే వుంటుంది. కాని ఆ దృశ్యాలకు ముందూ వెనకా, ఎంత ఇస్తావు, ఎంత ఇచ్చావు అనే బేరం ఒక్కటే ఎడతెగకుండా సాగుతుంది. దేహం సరుకైనప్పుడు మాట ఎట్లా ఎండిపోతుందో, ఆ సరుకునే అమ్ముతున్న చిత్రం చూపించింది. దోపిడీ గురించి సదుద్దేశంతో తీసిన నీతిచిత్రాలు నాకు తెలిసినవాటిలో ఈ పాటి చేయగలిగినవి ఎక్కువ లేవు.

నైట్‌బర్డ్స్ మాట కూడా చెప్పాలి. లండనులో ఒక మురికి గదిలో ఒక ఆడపిల్లా, ఇల్లులేని ఒక యువకుడూ ఒకరినొకరు నమిలివేసే కథ, నలుపు తెలుపుల్లో. డెన్మార్కు దర్శకుడు నికొలాస్ వైండింగ్ రెఫ్న్ తన సొంత డబ్బుతో మిల్లిగన్ ప్రతులు కొన్నాడు. వాటిలో ఇదొకటి. 2012లో బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ దాన్ని బాగుచేసి విడుదల చేసింది. సంతోషించవలసినదే. విచిత్రమేమంటే, ఇదే బ్రిటనులో 1980 దశకంలో ది గాస్ట్‌లీ వన్స్‌ను బ్లడ్ రైట్స్ అనే పేరుతో ప్రాసిక్యూషను జాబితాకు ఎక్కించారు. ఒక ప్రభుత్వం వెంటాడిన దర్శకుణ్ణి ఆ దేశపు ప్రజాసంస్థే ముప్ఫై ఏళ్ళలో చేరదీసింది. కాని నడుమ ఆ ప్రతి బతికింది ఎవరి పూనికతో? అభిమానులైన వ్యక్తుల పూనికతో. ఒక ధనికుడి అభిరుచి మారితే, ఒక సేకర్త చనిపోతే, ఆ గొలుసు తెగేది. 2021లో మిల్లిగన్ చిత్రాలు కొన్నిటిని ఖరీదైన పెట్టెలో పెట్టి ఒక కంపెనీ అమ్మింది. అరుదైన వస్తువు మళ్ళీ సరుకైంది. చవక హాలులో టిక్కెట్టు కొన్న నిరుద్యోగి ఆ పెట్టె కొనగలడా? ప్రజాగ్రంథాలయం వంటి చోటు కావాలని నేననేది ఇందుకే.

మిల్లిగన్ 1991లో లాస్ ఏంజిలిస్‌లో ఎయిడ్స్‌తో, చేతిలో డబ్బులేని స్థితిలో చనిపోయాడు. పేరు చెక్కిన రాయి లేని సమాధిలో పెట్టారు. 42వ వీధి హాళ్ళు ఆ దశకంలోనే వరసగా మాయమయ్యాయి. వాటి నడుమ వున్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటరును డిస్నీ కంపెనీ బాగుచేయించి 1997లో తిరిగి తెరిచింది. ఇప్పుడక్కడ కుటుంబాలు పిల్లలతో వచ్చి సంగీతనాటకాలు చూస్తున్నాయి. అంతకు ముందు ఆ వీధి చీకట్లో కూర్చున్నవాళ్ళకు ఏం చూపించారో తెలుసుకోదలచినవాళ్ళకు, మాటలు నడుమ తెగిపోయే ఈ రీళ్ళే మిగిలాయి.