పరమతానుష్ఠానము – దాని మూల్యము



సర్వమతములయందును సత్యము కలదని మనమందరమును చెప్పుచుందుము. ఈ వాక్యము నుచ్చరించుటకు మనకు కానియైనను వ్యయము కాదు. కనుకనే దాని నింత సులభముగా చెప్పగలుగుచున్నాము. నేడు నేను మిమ్మడుగ దలచిన ప్రశ్న వేరు. పరమతమునందలి యొక్క నియమమునైనను మనలో నెవరైన దేహముతోను, ధనముతోను ననుష్ఠించి చూచినారా?

వంగదేశమున శ్రీరామకృష్ణ పరమహంస 1866లో ఇస్లాము సాధన కుపక్రమించెను. అల్లానామమును జపించి, నమాజు చేసి, ఆ మూడు దినములును తనకు ప్రాణాధికమైన కాళికాలయమున అడుగిడలేదు. 1880లో నవవిధానమును ప్రకటించిన కేశవచంద్ర సేనుడు, అంతకు మునుపే, తన సహచరులకు ఒక్కొక్క మతమును పరిశీలనార్థము పంచి యిచ్చెను. వారిలో గిరీశచంద్ర సేనుడు నలువది యేండ్లు దాటిన పిమ్మట 1876లో లక్నో కేగి, అరబ్బీ నేర్చి, 1886 నాటికి ఖురానును వంగభాషలోనికి సంపూర్ణముగా పరివర్తించెను. ఒకరు తన దేవాలయమును మూడు దినములు విడిచిరి. మరియొకరు తన వయస్సులో పదియేండ్లను వెచ్చించిరి. ఇద్దరును ఏదియో యొకటి చెల్లించిరి. ఈ చెల్లింపే మనకు విచారణీయము.

దూరదేశపు మాట యేల? మన ఒంగోలు సీమనే చూడుడు. మాదిగ కులమున జనించిన యెర్రగుంట్ల పేరయ్య తొలుత గురువు నాశ్రయించి రాజయోగము నభ్యసించెను. అనంతరము 1866లో క్రైస్తవ స్నానము పొందెను. ధాత కరవు వెనువెంటనే, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది ఆ స్నానము పొందిరి. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. కూటికొరకు చేరిరని పలుకుట మనవంటివారికి సులభము. కాని ఆ సంఘమువారు ఆదివారమున పొలము పని మానిరి. గ్రామదేవత జాతరలలో డప్పు వాయించుట మానిరి. అందులకు గ్రామపెద్దల ఆగ్రహమునకు పాత్రులై యిడుమలు పడిరి. ఏడు దినములలో నొకదినము విశ్రమింతుననుట కూలివానికి ఎంతటి సాహసమో, దినమెల్ల నీడపట్టున కూర్చుండు మనకు తెలియునా?

మన పల్లెలలో పీర్ల పండుగనాడు హిందువులును పీర్లకు మ్రొక్కుదురు. ముజావరుచేత విభూతి పెట్టించుకొందురు. పెదకాకాని బాజీబాబా దర్గాకు అన్ని కులములవారును పోవుదురు. ఇది సంతోషకరమే. అయినను, దర్గాలో మ్రొక్కు తీర్చుకొని వచ్చిన గృహస్థే, మరునాడు దూదేకుల సాయెబు తన పంక్తిని కూర్చుండిన సహింపడు. మ్రొక్కు ప్రాకారము దాటినది, మనస్సు దాటలేదు.

నా మాట కూడ దాచను. 2022 ఏప్రిలులో నేను రంజాను ఉపవాసములు కొన్ని పాటించితిని. మొదటినాడు నాలో గర్వము కలిగినది. మూడవనాడు మిట్టమధ్యాహ్నమున, గొంతు ఎండి, పనిమనిషిపై అకారణముగా కసరితిని. అదే వేళ మా పొలమున స్త్రీలు వంగిన నడుము ఎత్తక మిరపకాయలు కోయుచుండిరి. ఆ దినమున నాకు ఆకలి తెలిసెను; అంతకంటె ముఖ్యముగా నా స్వభావము తెలిసెను. ఒక ముస్లిము మిత్రునితో ఈ సంగతి చెప్పగా, అతడు నవ్వి, “ఉపవాసము మీకు తేలికయే. వడ్డీ విడిచి చూడుడు” అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. ఇస్లామునందు వడ్డీ నిషిద్ధము. పంటపైనను దానము విధింపబడినది: వానపై పండినదానిలో పదియవవంతు, శ్రమించి నీరు తోడి పండించినదానిలో ఇరువదియవవంతు. రైతు చెమటను లెక్కించి భారమును సగము చేసిన విధి యిది. పల్నాటి నల్లరేగడిలో వానకు పండు ప్రత్తికి ఒక కొలత, బోరునీటితో పండు మిరపకు వేరొక కొలత. మనలో భూములు కౌలున కిచ్చువారు, అప్పు లిచ్చువారు కలరు. ఒక్క పంటకాలము వడ్డీ లేక ఋణ మిచ్చి, పంటలో నీ భాగము నీయగలమా?

అమరావతి స్తూపమును కీర్తించి, మన సీమ బౌద్ధక్షేత్రమని గర్వించుచున్నాము. 2006 జనవరిలో దలైలామా అచ్చట కాలచక్రము జరిపినప్పుడు వేలకొలది జనులు చూడబోయిరి. కాని బుద్ధుడు గృహస్థునకు కూడదన్న వ్యాపారములలో విషవిక్రయ మొకటి. 1997–98లో ప్రత్తిపైరు చెడి, అప్పులు మిగిలి, ఆంధ్రదేశమున పలువురు రైతులు పురుగుమందు త్రాగి మరణించిరి. మందును అప్పునకు అమ్మి, పంటను తన ధరకే కొను వర్తకుడు పున్నమినాడు మధ్యాహ్నానంతరము భుజింపక యుండిన నేమి ఫలము?

ఇది పరమతస్థులను పరిహసించుట కాదా యని కొంద రడుగుదురు. న్యాయమైన శంకయే. కావున విశ్వాసులకు మాత్రమే నియతమైన దానిని, క్రైస్తవుల ప్రభురాత్రి భోజనము వంటిదానిని, విశ్వాసము లేక ముట్టరాదు. అనుమతి నడిగి వెనుకవరుసలో కూర్చుండుడు. వేషము ధరింపవలదు, “నేనును మీలో నొకడను” అని పలుకవలదు. అతిథివలె పోయి, శిష్యునివలె నేర్చి, ఋణస్థునివలె తిరిగి రండు.

ఏ నియమము మీకు రుచించునో దానిని గాక, ఏది మీకు కష్టమో దానినే యెన్నుకొనుడు. రుచించునది మన యిచ్ఛ. కష్టమైనది మనకు గురువు.

ఓ పరమపితా! నీ నామములను మేము అనేకముగా పలికితిమి. నీ ఆజ్ఞలను అల్పముగా పాటించితిమి. పొరుగువాని మందిరమున నీ వాతనికి విధించిన భారములో ఒక పాలు మాకును దయచేయుము. అది మోయుచు ఆతని పజ్జ నడచునప్పుడు, ఆతడు మా సహోదరుడని మాకు వేరుగా బోధింప నక్కరలేకుండును గాక!

శాంతిః శాంతిః శాంతిః.