ఎండిన చెరువు ఎవరిది?

తిరుపతిని ఆనుకొని అవిలాల, పేరూరు చెరువులున్నాయి. 1990 దశకం తొలి ఏళ్లలో ప్రభుత్వం అవిలాల చెరువు నేలను పట్టణాభివృద్ధి సంస్థకూ గృహనిర్మాణ మండలికీ, పేరూరు చెరువు నేలను తిరుమల తిరుపతి దేవస్థానాలకూ ఇళ్ల కోసం అప్పగించింది. ఊళ్లోని ఆలోచనాపరుల వేదిక ఒకటి దీన్ని ప్రశ్నించింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఇళ్ల పక్షాన వినిపించిన వాదన సారం ఇది: చెరువుల్లో నీళ్లు లేవు, వాటి కింద సాగూ లేదు, కాబట్టి అవి ఇక చెరువులు కావు. చెరువంచున లేఔట్‌కు అనుమతి ఇవ్వాలా వద్దా అన్న తగాదా ఎక్కడ లేచినా ఈ మాట వినబడుతుంది. దీన్ని రెవెన్యూ రికార్డుకు వదిలేస్తున్నాం గానీ, నీళ్లు లేని చెరువు చెరువేనా అన్నది మన తార్కికులు ఎన్నడో తలపెట్టిన ప్రశ్నకు దగ్గరి చుట్టం.

తర్కశాస్త్రం లేమిని కూడా ఒక పదార్థంగా లెక్కించి, అందులో రకాలు చెప్పింది. కుండ చేయకముందు మట్టిలో ఉన్న కుండ లేమి ప్రాగభావం; కుండ పుట్టగానే అది పోతుంది. గాలికి రూపం లేకపోవడం అత్యంతాభావం. అది ఏ కాలంలోనూ పోదు. వేసవిలో నెర్రెలిచ్చిన చెరువులో నీటి లేమి మొదటి రకానిది, రాబోయే వానకు ముందు ఉండేది. రాయలసీమలో వాననే నమ్ముకున్న చెరువులు ఏడాదిలో చాలా నెలలు అలాగే ఉంటాయి, కరువు కాలంలో వరసగా కొన్నేళ్లు కూడా. ఆ నేలను చదును చేసి, రోడ్లు వేసి, హద్దురాళ్లు పాతితే మొదటి రకం లేమి రెండో రకంగా మారిపోతుంది. ఎండడం వల్ల చెరువు చావలేదు. అనుమతి కాగితమే దాన్ని చంపుతోంది. మన రెవెన్యూ భాష కూడా ఈ పొరపాటుకు తోడైంది. చెరువు పోరంబోకు అంటే శిస్తు లెక్కలోకి రాకుండా ఊరుమ్మడి అవసరానికి విడిచిన నేల. వాడుకలో ఆ మాట పనికిమాలినవాణ్ని తిట్టే తిట్టయింది. మాట అలా దిగజారాక ఆ నేల కూడా ఎవరిదీ కానట్టు కనబడటంలో వింతేముంది?

ఎవరిదీ కాకపోవడం వేరు, అందరిదీ కావడం వేరు. ధర్మశాస్త్రాలు చెరువు తవ్వించడాన్ని పూర్త కర్మల్లో, అంటే లోకహితం కోరి చేసే పుణ్యకార్యాల్లో చేర్చాయి. తవ్వించి ఊరుకుంటే చాలదు, ఉత్సర్గం చేయాలి. దానానికి పుచ్చుకునేవాడు ఒకడుండాలి. ఉత్సర్గంలో కర్త తన హక్కును సకల భూతాల కోసం వదులుకుంటాడు, ఆ తర్వాత తానూ పదుగురిలో ఒకడిగానే ఆ నీళ్లలో దిగుతాడు. మన పెద్దలు సప్తసంతానాల్లో తటాకాన్ని ఒకటిగా ఎంచారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు సంబంధించిన 1369 నాటి శాసనం ఆ పుణ్యాన్ని కొలతల దాకా దించింది. చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కపెట్టింది. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక ఆ దోషాల్లోవే. పుణ్యం కోరినవాడు కూడా ముందు నేలను పరీక్షించాలన్నమాట. అవిలాల తీర్పులో సుప్రీంకోర్టు పబ్లిక్ ట్రస్ట్ సూత్రాన్ని ఆశ్రయించింది: ఇలాంటి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే. ఆ సూత్రం మూలాలను రోమన్ న్యాయంలో చెబుతారు. దానికి ఈ నేలలోనూ వేరుందని నా వాదన. వదిలినవాడే తిరిగి తీసుకోలేనిదాన్ని, అతని తర్వాత వచ్చిన ప్రభుత్వం ఎలా రాసిస్తుంది?

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నియమాలు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు వదలమన్నాయి. ఆ హద్దు అవసరమే. కానీ పైన వంక పూడిపోతే ముప్పై మీటర్ల ఆవల కట్టిన ఇల్లు కూడా ఎండిన చెరువు పక్కనే ఉంటుంది. అందుకే 2006 నాటి తీర్పు నీటిని తెచ్చే వంకను బాగు చేయాలని కూడా ఆదేశించింది. లేఔట్ దరఖాస్తు పరిశీలన అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఇల్లు లేనివాళ్లకు ఈ తర్కం ఏం పెడుతుందని అడగవచ్చు. చెరువు నేలలో ఇల్లిస్తే వాళ్లకు ఇచ్చింది మునకే. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో చెరువుల దిగువన, నాలాల వెంట కాలనీలు ఎలా మునిగాయో చూశాం. ఇంతకంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. సకల భూతాలకూ వదిలామన్న చెరువు దరికి దళితులను రానివ్వలేదు. మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగడానికి 1927లో అంబేద్కర్ ఉద్యమమే నడపవలసి వచ్చింది. 1985లో కారంచేడు ఊచకోతకు దారితీసిన గొడవ మంచినీళ్ల చెరువు దగ్గరే రాజుకుంది. ఈ చరిత్రను దాటవేసి ఉత్సర్గం గొప్పతనం చెప్పడం అన్యాయం. అయితే అబద్ధమైంది ఆ మాటను పాటించనివాళ్ల నడత. మాట ఇంకా చెల్లించవలసిన బాకీగా మిగిలే ఉంది. మహాడ్ వెళ్లినవాళ్లు చెరువును ముక్కలు చేసి పంచమనలేదు, అందరిదన్నదాన్ని నిజం చేయమన్నారు. చెరువంచున గోడ కట్టి, గేటు పెట్టి, ప్లాటు ధర చెల్లించినవారినే లోపలికి రానిస్తే ఆ పాత వెలి కొత్త రూపంలో తిరిగొస్తుంది.

ఇక, అనుమతి పత్రం చూసి, అప్పు చేసి కొన్న కుటుంబాలు. సంతకం చేసినవారిని వదిలేసి వాళ్ల ఇళ్లు కూల్చడం నాకు ధర్మంగా తోచదు. అలాగని నేల రుణం తీరిపోయినట్టూ కాదు. తిరుపతి చెరువుల తీర్పులో సుప్రీంకోర్టు అప్పటికే కట్టిన ఇళ్లను ఉండనిచ్చి కొత్త కట్టడాలు ఆపింది. ప్రతి ఇంటికీ కప్పు మీది వాననీటిని పట్టే ఏర్పాటు ఉండాలంది. ఒకప్పుడు చెరువు పట్టుకున్న వానను ఇప్పుడు ఆ కప్పులే ఒక్కొక్కటిగా పట్టి నేలకు దించాలి.