నల్లచారల వంశం

అనగనగా ఒక కొండ. కొండ నిండా సాలచెట్లు, వాగులు, దుప్పులు, అడవిపందులు. ఆ కొండకు రాజు ఒక పెద్దపులి. తిండికి లోటు లేదు, నీళ్ళకు లోటు లేదు. ఉన్న చికాకల్లా చుట్టాలు కాని చుట్టాలతోనే. వానలు వెనకబట్టగానే ఎక్కడెక్కడి కొండల నుంచో కుర్రపులులు దిగేవి. వాగు దగ్గర ఒకటి, గుట్ట వెనక ఒకటి. వాటితో కొట్లాటలు, చిరిగిన చెవులు, నెలల తరబడి మానని పుండ్లు. ఇక్కడి కుర్రవాళ్ళూ అలాగే తల్లి దగ్గర మనసు నిలవక బయటి కొండలకు పోయేవాళ్ళు. కొందరు అక్కడ కాపురం పెట్టేవాళ్ళు, కొందరి కబురే తెలిసేది కాదు.

"ఈ రాకపోకలు ఆగితే ఎంత హాయి!" అని రాజు రోజూ అనుకునేవాడు.

ఆగాయి. అందులో రాజు చేసిందేమీ లేదు. కొండ కింద మనుషులు అడవి కొట్టి వరి వేశారు. వరి పక్కన ఊరు వెలిసింది. ఊరి పక్కన రైలుకట్ట, కట్ట అవతల ఇనుపరాయి గని, గనికి రాత్రీ పగలూ లారీలు తిరిగే రోడ్డు. ఒక ఏడు బయటి నుంచి ఇద్దరే వచ్చారు. మరో ఏడు ఒక్కడే వచ్చాడు. ఆ పై ఏడు ఎవరూ రాలేదు.

నక్క మంత్రి పరుగున వచ్చింది. "ప్రభూ, సరిహద్దులో పరాయి అడుగు పడి ఏడాది దాటింది. తమ పేరు వింటేనే పొరుగు కొండలు గజగజ వణుకుతున్నాయి."

రాజు నమ్మాడు. అలాంటి మాటను ఏ రాజు నమ్మకుండా ఉన్నాడు?

ఆ తర్వాత రాజుగారి ఇంట ఒక కొడుకు పుట్టాడు. వీపు మీద చారలు లావుగా ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పసుపు రంగు ఆ చారల సందుల్లో సన్నటి గీతలుగా మిగిలింది. చూసినవాళ్ళు మొదట జడుసుకున్నారు. నక్క మాత్రం పిల్ల చుట్టూ మూడుసార్లు తిరిగి, "కస్తూరి పూసుకుని పుట్టాడు ప్రభూ! ఏ కొండ మీదా ఇలాంటి బిడ్డ లేడు" అంది. రెండో మాట నిజమే.

ఏళ్ళు గడిచాయి. నల్లపిల్లలు ఇంకా పుట్టారు. కొలువులో వరసలు ఏర్పడ్డాయి. పూర్తి నల్లవాళ్ళకు వాగు ఒడ్డున చల్లటి రాతిగుహలు, పసుపువాళ్ళకు ఎండ తగిలే గుట్టలు. పసుపుగా పుట్టినవాళ్ళు సిగ్గుపడి, కాలిన పోడు చేలల్లో పొర్లి మసి పూసుకుని కొలువుకు వచ్చేవాళ్ళు. వాన పడితే గుట్టు రట్టవుతుందని వానాకాలంలో కొలువే పెట్టకూడదని నక్క ఒక చట్టం కూడా చేసింది.

నల్ల యువరాజు పెళ్ళీడుకొచ్చాడు. సంబంధం ఖాయం చేసే ముందు వరస చూడాలి కదా. దానికి పెద్దమ్మను పిలిచారు. ఆవిడ ముసలి పులి, పడుచుతనంలో వేరే కొండ నుంచి నడిచి వచ్చిన మనిషి. బయటి కొండ చూసినవాళ్ళలో బతికున్నది ఆవిడ ఒక్కతే.

"పిల్ల ఎవరి కూతురు?" అని అడిగింది.

"మీ చిన్న మనవడి కూతురే పెద్దమ్మా" అంది నక్క.

"మరి వీడు?"

"మీ పెద్ద మనవరాలి కొడుకు."

"ఆ మనవడూ ఈ మనవరాలూ ఒక కడుపున పుట్టినవాళ్ళేగా? వాళ్ళ అమ్మా నాన్నా అక్కచెల్లెళ్ళ పిల్లలేగా?"

"అంత లోతుకు ఎందుకులెండి. మేనరికం అనుకుందాం."

"మేనరికానికైనా రెండిళ్ళు ఉండాలి కదరా! ఈ కొండ మీదున్నది ఒక్కటే ఇల్లు."

ముసలావిడకు మతి తప్పిందన్నారు. పెళ్ళి జరిపించేశారు.

కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున కొండ అంచున ఒక ఆడపులి కనిపించింది. బక్కచిక్కి ఉంది, ముందరి కాలు కుంటుతోంది, ఒంటి నిండా దుమ్ము. చారలు సన్నగా, ఎడంగా ఉన్నాయి. కొలువంతా నవ్వింది.

రాజు ఠీవిగా అడిగాడు. "మా కొండ సంగతి విన్నావా? మా నలుపు చూశావా?"

"చూశానయ్యా. మీ కొండకు దారులెన్ని?"

"దారులెందుకు?"

"అయితే ఈ నలుపు ఎలా వచ్చిందో తెలిసింది" అంది ఆ పులి.

నక్క దాన్ని తరిమేయమంది. పెద్దమ్మ అడ్డం పడుకుంది. చివరికి ఎవరూ అనుకోనిది జరిగింది. యువరాజుకు ఆ కుంటిదాని మీదే మనసైంది. ఆ ఈతలో మూడు పిల్లలు పుట్టాయి. మూడూ పసుపే, మూడింటికీ సన్నటి చారలే.

"వంశం మంటగలిసింది ప్రభూ" అని నక్క ఏడ్చింది.

పెద్దమ్మ నవ్వింది. "నలుపు ఎక్కడికీ పోలేదురా. ఈ పిల్లల లోపలే దాక్కుని ఉంది. వీళ్ళను వీళ్ళకే ముడిపెట్టి చూడు, మళ్ళీ పైకొస్తుంది. కావాలా?"

రాజు జవాబు చెప్పలేదు. ఆ రాత్రి ఒక్కడే కొండ దిగి రోడ్డు దాకా వెళ్ళాడు. పొదలో కూర్చుని చూశాడు. ఒక లారీ వెనక ఒకటి తెల్లారేదాకా పోతూనే ఉన్నాయి. ఒక్కసారైనా దాటాలని చూసి, మూడుసార్లు వెనక్కి వచ్చాడు. పొరుగు కొండల పులులు ఇన్నేళ్ళు వణికింది తన పేరుకు కాదని అప్పుడు తెలిసింది.

నీతి: అరుదైన రూపం కనపడగానే మురిసిపోవద్దు. అది ఒక్కచోటే ఎందుకు పోగుపడిందో అడగాలి.

ఈ కథలో నక్క ఒక్కటే పూర్తిగా కల్పితం. నల్లచారల పులులు నిజంగా ఉన్నాయి. ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లా సిమిలిపాల్ వాటి చోటు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచుకున్న తొలి తొమ్మిది అడవుల్లో అదొకటి. ఒడిశా అటవీశాఖ 2023-24లో చేసిన లెక్కలో రాష్ట్రం మొత్తం మీద 30 పెద్దపులులు తేలాయి. వాటిలో 27 సిమిలిపాల్‌లోనే ఉన్నాయి, అందులో 13 నల్లవి. అంటే దాదాపు సగం.

బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో ఉమా రామకృష్ణన్, వినయ్ సాగర్, వాళ్ళ సహచరులు ఈ నలుపు మూలాన్ని పట్టుకుని 2021లో ప్రకటించారు. టాక్‌పెప్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది. ఇంట్లో తిరిగే కొన్ని పిల్లుల చారలు చుట్టలు చుట్టలుగా కలిసిపోవడానికీ, ఆఫ్రికాలో కింగ్ చీతా అనే అరుదైన రకం చీతాకు లావు పట్టీలు రావడానికీ ఈ జన్యువులో వచ్చే మార్పులే కారణం. పులిలో మారిన జన్యు ప్రతులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే నలుపు పైకి కనిపిస్తుంది. ఒక్కటే వస్తే మామూలు పులిలాగే ఉంటుంది. పెద్దమ్మ చెప్పింది అదే. సిమిలిపాల్ పులుల్లో ఆ జన్యువు ప్రతులు సగానికి పైగా మారినవే. దేశంలోని మిగతా అడవుల పులుల్లో వెతికితే ఒక్కచోట కూడా దొరకలేదు.

ఇది ఎలా జరుగుతుంది? విత్తనాల గంపలో నూటికి ఒకటో రెండో ఎర్రగింజలు ఉన్నాయనుకోండి. పెద్ద దోసిలితో తీసి చల్లితే పంటలోనూ ఎరుపు అంతే ఉంటుంది. ఒక్క పిడికెడే తీస్తే అందులో ఎర్రగింజ ఒక్కటీ రాకపోవచ్చు, నాలుగు రావచ్చు. ఆ పంట నుంచి మళ్ళీ పిడికెడే తీస్తూ పోతే కొన్నేళ్ళకు చేనంతా ఎర్రబారినా ఆశ్చర్యం లేదు. సిమిలిపాల్‌ది పిడికెడు పులుల అడవి. బయటి గింజ కలవలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. నలుపు జబ్బు కాదు. దానివల్ల ఆ పులులకు కీడు జరుగుతోందని ఆ పరిశోధకులూ అనలేదు. కానీ అదృష్టం ఒక చారను పెంచగలిగితే, గుండెలో లోపాన్నీ పెంచగలదు. అమెరికాలో ఫ్లోరిడా ప్యూమాలకు అదే జరిగింది. ముప్ఫైకి లోపే మిగిలి, బయటి సంబంధం తెగిపోయాక, వంకర తోకలు, దిగని వృషణాలు, గుండె రంధ్రాలు కనిపించసాగాయి. 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలాకే ఆ జాతి కోలుకుంది.

ఇక దూరం సంగతి. పులికి దూరం కిలోమీటర్లలో ఉండదు. మధ్యభారతంలో కాన్హా, పెంచ్, మేల్‌ఘాట్, తాడోబా అడవుల్లో పరిశోధకులు పులుల పెంటికలు ఏరుతారు. పెంటిక పైపొర మీద పేగు కణాలు అంటుకుని ఉంటాయి కనుక ఎండిన ఆ పైపొరను మెల్లగా గీకి, డీఎన్‌ఏ తీసి, ఏ పులి ఏ పులికి ఎంత దగ్గరి చుట్టమో చూస్తారు. తర్వాత మ్యాపు ముందేసుకుని, మధ్యలో అడవి ఉంటే ఎంత, పొలం ఉంటే ఎంత, రద్దీ రోడ్డు ఉంటే ఎంత అడ్డు అని లెక్క కడతారు. వందల కిలోమీటర్లు ఉన్నా మధ్యన చెట్ల నీడ ఉంటే చుట్టరికం నిలుస్తుంది. పక్కపక్కనే ఉన్నా మధ్యలో ఊళ్ళూ రోడ్లూ చిక్కబడితే తెగిపోతుంది. అడవిపిల్లి పొలం గట్ల మీదుగానే సంసారం చేసుకుంటుంది, పులి అలా చేయలేదు. ఈ శాస్త్రాన్ని ల్యాండ్‌స్కేప్ జెనెటిక్స్ అంటున్నారు. మ్యాపుల మీద గీసే పచ్చ గీతల కంటే పెంటిక చెప్పే చుట్టరికాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

రోడ్డు వేస్తే దారి పోయినట్టేనా? అక్కర్లేదు. 44వ జాతీయ రహదారి మహారాష్ట్రలో పెంచ్ అడవిని చీల్చుకుపోతుంది. ఏళ్ళ తరబడి కోర్టు వ్యాజ్యాలయ్యాక అక్కడ జంతువులు దాటడానికి తొమ్మిది వంతెనలు, అండర్‌పాస్‌లు కట్టారు. వాటిలో ఒకటి 750 మీటర్ల వెడల్పు. పైన లారీలు పోతుంటే కింద పులులు నడిచి వెళ్ళడం కెమెరాలకు చిక్కింది.

సిమిలిపాల్‌కు మాత్రం ఒడిశా ప్రభుత్వం పెళ్ళికూతుళ్ళనే తెచ్చింది. 2024లో తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను తీసుకొచ్చి వదిలారు. జీనత్ అక్కడ నిలవలేదు. ఝార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌లోకి నడిచింది. డిసెంబరు 29న బాంకుడా జిల్లాలో మత్తుమందు ఇచ్చి పట్టుకుని మళ్ళీ సిమిలిపాల్‌కు చేర్చారు. చాలామంది ఆ పులి తప్పించుకుందనే చెప్పుకున్నారు. మూడు రాష్ట్రాల మీదుగా ఒక పులి ప్రాణాలతో నడిచిందంటే ఆ దారి ఇంకా పూర్తిగా చావలేదన్నమాట. అదే ఏడాది జనవరిలో అప్పటి ఒడిశా ప్రభుత్వం బారిపదా దగ్గర నల్లపులుల సఫారీ పెడతామని కూడా ప్రకటించింది. నలుపును తగ్గించే పనీ, దాన్ని చూపించి టికెట్లు అమ్మే పనీ ఒకే రాష్ట్రంలో! నక్క కూడా ఇంత ధైర్యం చేయలేదు.

మన ఇంటి సంగతీ చూద్దాం. ఆదిలాబాద్ అడవుల్లో కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. దానికి పులులు రావలసింది మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ నుంచే. పెన్‌గంగ, ప్రాణహిత దాటి కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల దాకా వస్తున్నాయి. అక్కడ పిల్లల్నీ పెడుతున్నాయి. కవ్వాల్ నడిబొడ్డుకు చేరి స్థిరపడటమే కష్టంగా ఉంది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో పనిచేస్తున్న ఒక యువతిని పులి చంపింది. దారి అంటే ఆ చేను కూడా అని మరిచిపోయి పులుల గురించి మాట్లాడటం అన్యాయం.

తాడోబానూ కవ్వాల్‌నూ కలిపే అడవిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 మే నెలలో 49వ నంబరు జీవో ఇచ్చింది. భూములు పోతాయని ఆదివాసులు ఆందోళనకు దిగడంతో జులైలో దాన్ని నిలిపివేసింది. ఆపడం సబబే, ముందు అడగకపోవడమే తప్పు. కానీ ఆ కాగితాన్ని బీరువాలో పడేసి మరిచిపోతే ఆ జాగాలోకి గని వస్తుంది, రోడ్డు వస్తుంది. వాటికీ ఆదివాసులను ఎవరూ అడగరు. పులి నడిచే దారి మీదే పోడు హక్కులు ఎలా నిలుస్తాయో, చేలో కూలికి రక్షణ ఏమిటో, పశువు పోతే డబ్బు ఎన్నాళ్ళలో అందుతుందో ఆసిఫాబాద్ గ్రామసభల్లో గోండులు, కోలాముల ముందు కూర్చుని ప్రభుత్వం చెప్పాలి. ఆ ఊళ్ళు ఒప్పుకున్నాకే కొత్త జీవో రాయాలి.