అన్ననిందా, హోటల్ బిల్లూ

డబ్బు పెట్టి తిన్న భోజనం నచ్చకపోతే, బాగాలేదనడం అన్ననింద కిందికి వస్తుందా? కంచం ముందు కూర్చుని వంకలు పెట్టే పిల్లల్ని శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ గదమాయిస్తారు. ఆ గదమాయింపు హోటల్ బల్ల దగ్గర ఎంతవరకు చెల్లుతుందన్నది పాత ప్రశ్నే. ఫ్యూజన్ వంటలు వచ్చాక అది మరికాస్త చిక్కుపడింది.

అన్ననింద నిషేధం తైత్తిరీయోపనిషత్తులో, భృగువల్లిలో ఉంది. అన్నాన్ని నిందించరాదు, తోసిపుచ్చరాదు, సమృద్ధిగా సమకూర్చుకోవాలి, గడప తొక్కినవారిని కాదనరాదు అని అక్కడ నాలుగు వ్రతాలు వరసగా వస్తాయి. బ్రహ్మాన్ని తెలుసుకునే దారి అన్నంతోనే మొదలైంది కాబట్టి దాన్ని గురువులా చూడాలని శంకరుల భాష్యం. అంటే నిషేధం కాపాడేది అన్నం గౌరవాన్ని. వంటవాడి పనితనం అక్కడ ప్రస్తావనకే రాదు.

అదే సంప్రదాయం తిండిని నిర్మొహమాటంగా తూకం కూడా వేసింది. భగవద్గీత 17వ అధ్యాయం ఆహారాన్ని మూడు రకాలు చేసి, సారం పోయినదాన్ని, నిలవదాన్ని తామసుల ఇష్టంగా చెప్పింది. (రాత్రి పులిసిన చోడి అంబలి తాగి పొలానికి వెళ్లే రైతును తామసుడనే ధైర్యం ఉత్తరాంధ్రలో ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా.) కాబట్టి మంచిచెడ్డలు ఎంచడం వేరు, నిందించడం వేరు.

ఇక ఫ్యూజన్ సంగతి. వేర్వేరు చోట్ల రుచుల్ని కలపడమే తప్పనే వాదం మాత్రం నిలవదు. అమెరికా ఖండాల మిరపకాయ పోర్చుగీసువారి ఓడల్లో మన తీరాలకు చేరింది 16వ శతాబ్దం ప్రాంతంలోనే. టమాటా, బంగాళాదుంప కూడా ఆ ఖండాల పంటలే. ఈ లెక్కన ఎర్రటి ఆవకాయ కూడా ఫ్యూజనే.

మరి ఆశాభంగం ఎక్కడ పుడుతుంది? ఆవపెట్టిన పనసపొట్టు కూర మీద చీజ్ పరిచి ఓవెన్‌లో పెట్టి తెచ్చారనుకుందాం. నూరిన ఆవముద్దను ఇంట్లో కూర పొయ్యి మీంచి దించాక, వేడి కాస్త తగ్గాక కలుపుతారు. ముక్కుకెక్కే ఆ ఘాటు వేడికి నిలవదు, ఎగిరిపోతుంది. చీజ్‌కేమో కరగడానికి వేడి కావాలి. ఒకదానికి ప్రాణమైనది రెండోదానికి గండం. పళ్లెంలో చివరికి మిగిలేది సాగే జిడ్డు, దాని అడుగున చప్పబడిన పొట్టు. పేరులో మాత్రం రెండూ ఘనంగా ఉంటాయి, ధరలో అంతకంటే ఘనంగా.

ఇలాంటి కలయికను కొలవడానికి అలంకారశాస్త్రం ఒక గట్టి కొలబద్ద ఇచ్చింది: పానకరస న్యాయం. అభినవగుప్తుడు, మమ్మటుడు కావ్యరసాన్ని వివరించడానికి దాన్ని వాడుకున్నారు. బెల్లం, మిరియాలు, యాలకులు నీళ్లలో కలిస్తే వచ్చే రుచి వాటిలో ఏ ఒక్కదానిదీ కాదు, కొత్తగా పుట్టిన మరొకటి. శ్రీరామనవమికి పానకం తాగే వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. చీజ్ కింద పనసపొట్టు ఓడిపోయేది సరిగ్గా ఇక్కడ. అందులో కొత్త రుచి పుట్టలేదు సరికదా, ఉన్న రెండూ చెడ్డాయి.

గుడిలో పెట్టే ప్రసాదానికి ఈ కొలత వర్తించదు. నైవేద్యాన్ని ముందుగా రుచి చూడరు. రథసప్తమికి అరసవల్లిలో పిడకల మీద పొంగించే పరమాన్నం అడుగంటినా భక్తుడికి అది ప్రసాదమే. అక్కడ ధర లేదు, వర్ణన లేదు, ఫలానా రుచి వస్తుందన్న మాట ఎవరూ ఇవ్వలేదు. హోటల్ మెనూ అలా కాదు, మాట ఇచ్చి డబ్బు తీసుకుంటుంది. తప్పిన మాటను తప్పిందనడం అన్నానికి తగిలే నింద కాదు.

అయినా వ్రతం హోటల్లో పూర్తిగా సెలవు తీసుకోదు. ఆవ ఘాటు పోయిందని వండినవాడికి చెబితే అది మంచిచెడ్డలు ఎంచడం. రేపటి పళ్లెమైనా బాగుపడుతుంది. చెప్పాల్సినవాడికి చెప్పకుండా, బల్ల చుట్టూ ఉన్నవారి ఆకలి చచ్చేదాకా ఈసడిస్తూ కూర్చుంటే అది నిందే. ఇక సగం తిని పళ్లెం పక్కకు నెట్టడం రెండో వ్రతానికి అడ్డం వస్తుంది. రుచి తప్పినా ఆ పనసపొట్టు ఇంకా తినదగినదే, దాని వెనకున్న కష్టమూ అంతే. బిల్లు కట్టినంత మాత్రాన ఆ వ్రతం తీరిపోతుందని భృగువల్లిలో ఎక్కడా లేదు.